పూర్తి ఊపు

ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఆమె పని కదులుతున్న గుడ్డను చూడటమే. బట్టల మిల్లులో మగ్గాల మీంచి దిగిన తానులు ఒక ఏటవాలు బల్ల మీదుగా జారుతూ పోయేవి. బల్ల అడుగున ట్యూబులైట్లు వెలుగుతుండేవి. ఆ వెలుగులో తెగిన పోగో, పడ్డ ముడో, నూనె మరకో కనపడితే అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. గుడ్డ ఎవరికోసమూ ఆగదు. రెప్ప వేస్తే మూరెడు పోతుంది. మొదట్లో ఆ బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు ఉండేవారు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయని కొందరు, మెడలు పట్టేశాయని కొందరు ఒక్కొక్కరే వేరే పనుల్లోకి మారిపోయారు. ఆమె మాత్రం రిటైరయ్యే రోజు దాకా అక్కడే నిలబడింది. మిల్లులో అందరూ ఆమెను సుద్దమ్మ అని పిలిచేవారు. మిల్లు మూతపడి ఆరేళ్ళయినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

పెళ్ళి జోలికి పోలేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో వచ్చిన మంచి సంబంధాన్ని కాదంటే తండ్రి మూడు నెలలు మాట్లాడటం మానేశాడు. అప్పుడు ఆమె పక్షాన నోరు విప్పినవాడు అక్క మొగుడు ఒక్కడే. “బల్ల దగ్గర నిలబడతానంటే నిలబడనివ్వండి మావయ్యా. తన కాళ్ళ మీదే కదా నిలబడేది,” అన్నాడు. ఆ మాటకు తండ్రి నవ్వలేదు గానీ మెత్తబడ్డాడు. అప్పట్నుంచి బావంటే సుద్దమ్మకు గౌరవం ఒక మెట్టు ఎక్కువే. ఇప్పుడామెకు అరవై నాలుగు. అక్కాబావల ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఒక గది, వంటకు చిన్న చోటు. పొద్దున టీ తన గదిలో, సాయంత్రం టీ అక్క దగ్గర.

బావ బోర్డులు రాసే పెయింటరు. మందుల షాపులు, స్కూళ్ళు, టైర్ల దుకాణాలు, ఆ చుట్టుపక్కల గోడల మీదా గుమ్మాల మీదా ఉన్న అక్షరాల్లో సగం ఆయన చేతివే. నలభై అయిదేళ్ళు నిచ్చెన మీద నిలబడి, కుడి చెయ్యి తల పైకెత్తి రాశాడు. డెబ్భై ఒకటి వచ్చినా ఎవరైనా పిలిస్తే బ్రష్షులు సర్దుకుని బయల్దేరేవాడు.

అరవై దాటినవాళ్ళ సాఫ్ట్‌బాల్ పిచ్చి ఆ వీధిలో మొదలుపెట్టింది కూడా ఆయనే. నీళ్ళ ట్యాంకు పక్కనున్న మైదానంలో ఆదివారం పొద్దున ఆడేవాళ్ళు. ఒక్క జట్టుతో మొదలై ఆరు జట్లయ్యాయి. ఒక జట్టుకు కెప్టెన్ పళ్ళ డాక్టరు. ఆయన పిచర్, అంటే బంతి విసిరేవాడు, రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఈ ఆటలో బంతిని చెయ్యి కిందనుంచి పైకి, మెల్లగా, తల దాటేంత ఎత్తుకు విసరాలి. అది వంపు తిరిగి వచ్చి బ్యాటర్ వెనక పరిచిన చాప మీద పడితే ఒక స్ట్రైకు. ఊపి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే ఔటు. బంతిని కొడితే మాత్రం, అవతలివాళ్ళు దాన్ని అందుకుని విసిరేలోపు, మొదటి బేసు అనే గుర్తు దగ్గరికి పరుగెత్తాలి. ఆ వయసులో పరుగంటే గబగబా నడవటమే, కానీ ఎవరూ దాన్ని నడక అనేవారు కాదు.

సుద్దమ్మకు ఆటతో సంబంధం లేదు. బెంచీ మీద కూర్చుని చూసేది, అంతే. పాత అంపైరుకు కంట్లో శుక్లాలు వచ్చాక బేసు దగ్గర ప్రతిసారీ గొడవలే. ఒక ఆదివారం పళ్ళ డాక్టరు, బావ మీదమీదికి వచ్చి అరుచుకుంటుంటే, “ఆయన కాలు బేసు మీద పడేలోపే బంతి వచ్చేసింది. కాలు జానెడు దూరంలో ఉంది,” అని బెంచీ మీంచే అంది. ఔటైంది ఆమె బావే. డాక్టరు నోరెళ్ళబెట్టాడు. “సొంత బావను ఔటంటున్నారు. మీరే రండమ్మా, ఇక్కడ నిలబడండి,” అన్నాడు. అలా ఆమె ప్లేటు వెనక, అంటే బ్యాటర్ నిలబడే చోటు వెనక, నిలబడి ఐదేళ్ళయింది.

ఆటకొక చిన్న నిబంధనల పుస్తకం ఉంది. సుద్దమ్మ దాన్ని పసుపు రంగు అట్టలో పెట్టుకుని తిరిగేది. అందులో బ్యాటింగు గురించి ఉన్నది నాలుగు వాక్యాలు: బ్యాటును పూర్తిగా ఊపాలి. బంతికి బ్యాటు అడ్డం పెట్టి తాకించి వదిలితే ఔటు. పైనుంచి కిందికి నరికినట్టు కొడితే ఔటు. ఊపు సగంలో ఆపిన బ్యాటుకు బంతి తగిలి మైదానంలోకి పోయినా ఔటు. ఎందుకో పుస్తకంలో రాయలేదు గానీ ఆడేవాళ్ళందరికీ తెలుసు. అలా తాకించిన బంతి ప్లేటు ముందే దొర్లుతుంది. దానికోసం పిచరో, పక్కవాళ్ళో వంగి ముందుకు ఉరకాలి. అరవై దాటిన మోకాళ్ళకు అది మంచిది కాదు.

గత ఏడాది వానలు వెలిసిన దగ్గర్నుంచి బావ ఊపు మారింది.

మొదట చూసింది ఆమే. వెనుకటి బావైతే బ్యాటు భుజం దాటేలా తిప్పేవాడు, ఆ ఊపుకు టోపీ కూడా పక్కకు తిరిగేది. ఇప్పుడు మోచేతులు పక్కలకు అతుక్కుని ఉంటున్నాయి. బ్యాటు ముందుకు జానెడు కదిలి ఆగుతోంది. బంతే వచ్చి దానికి తగిలి, పిచర్‌కూ మూడో బేసుకూ మధ్య నెమ్మదిగా దొర్లుతోంది. అవతలివాళ్ళు దాన్ని అందుకునేలోపు బావ బేసు చేరుతున్నాడు. అలా జరిగిన మొదటి ఆదివారం ఆమె నోరు తెరిచింది. ‘ఔట్’ అనబోయి ఆపేసింది. ఈ మైదానంలో గడ్డి పీకి, గీతలు గీసి, జట్టు నిలబెట్టిన మనిషి. పోనీలే, ఇవాళ్టికి ఏదో అలా జరిగిపోయింది అనుకుంది. తర్వాతి ఆదివారం కూడా అలాగే అనుకుంది. అవతలి జట్లూ ఏమీ అనలేదు. పెద్దాయన కదా అని చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మైదానంలో అందరికీ కనపడుతున్న విషయం ఎవరి నోటా బయటికి రాలేదు.

అలా చలికాలమంతా గడిచింది. ఎండలు మొదలైన ఒక ఆదివారం పళ్ళ డాక్టరు జట్టుతో ఆట. రెండో వంతులో, అంటే తన జట్టు రెండోసారి బ్యాటింగుకు దిగినప్పుడు, బావ బ్యాటుకు వచ్చాడు. పోస్ట్‌మ్యాన్ బంతి వేశాడు. బావ తాకించాడు. బంతి ప్లేటు ముందు తాబేలులా దొర్లింది. పోస్ట్‌మ్యాన్ ముందుకు ఉరికాడు, వంగాడు, కాలు మడత పడింది, కుడి చెయ్యి కింద పెట్టి బోర్లా పడ్డాడు. చిన్న పుల్ల విరిగినట్టు చప్పుడు సుద్దమ్మకు స్పష్టంగా వినపడింది. బావ బేసు మీద ఉన్నాడు. ఆమె ఔటు ఇవ్వలేదు.

పోస్ట్‌మ్యాన్‌ను ఆటోలో ఆసుపత్రికి పంపారు. మణికట్టు విరిగింది. ఆట ఆపుదామని ఇద్దరు ముగ్గురు అన్నారు గానీ, పోస్ట్‌మ్యానే ఆటోలోంచి తల బయటపెట్టి, “నాకోసం ఆపకండి, నేనేం చచ్చిపోలేదు,” అన్నాడు. ఆడారు. ఐదో వంతులో బావ మళ్ళీ వచ్చాడు. పళ్ళ డాక్టరే బంతి వేస్తున్నాడు. బావ మళ్ళీ అలాగే, మోచేతులు పక్కలకు అతికించి తాకించాడు.

“ఔట్!” అంది సుద్దమ్మ.

అప్పటికే బేసు వైపు నాలుగడుగులు వేసిన బావ ఆగి వెనక్కి తిరిగాడు.

“ఏంటి చిట్టీ?” ఇంట్లో ఆమెను పిలిచేది అలాగే.

“పూర్తిగా ఊపలేదు బావా. ఔటు.”

బావ ప్లేటు దగ్గరికి వచ్చాడు. గొంతు పెద్దది చేయలేదు. అది ఇంకా బాధగా ఉంది ఆమెకు.

“రెండో వంతులో ఆడింది కూడా ఇదే కదా?”

“అదే.”

“అప్పుడు తప్పు కాలేదే. ఇప్పుడెలా అయింది?”

పుస్తకంలో దానికి జవాబు లేదు. బావ బ్యాటు కింద పెట్టి, టోపీ తీసి, మైదానం దాటి ఇంటి దారి పట్టాడు. ఆట మధ్యలో ఆయన వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఆమె పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్ళింది. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. మోచేతి దాకా తెల్లని కట్టు. భార్య ఆయన చొక్కా బొత్తాలు పెడుతోంది. సుద్దమ్మ కుర్చీ చివర కూర్చుని సూటిగా చెప్పేసింది. “అలాంటివి ఇంతకుముందు కూడా వదిలేశానండి. మొదటిరోజే ఔటిచ్చి ఉంటే ఆయన ఆ ఆట మానేసేవాడు. మీరు నిన్న పడేవాళ్ళు కాదు.”

పోస్ట్‌మ్యాన్ తన కట్టు వంక చూసుకున్నాడు. “పర్వాలేదమ్మా అంటానని వచ్చారా?” అన్నాడు చివరికి.

“కాదండీ. చెప్పాలని వచ్చాను.”

“ఉన్నమాట చెప్తాను. నాకు కోపంగానే ఉంది. ముప్పై ఏళ్ళు సైకిలు మీద తిరిగాను, కుక్కలు తరిమాయి, ఒక్కసారి పడలేదు. ఇప్పుడు నా చొక్కా నేను వేసుకోలేకపోతున్నా.” భార్య ఆయన భుజం మీద చెయ్యేసింది. “అయినా వచ్చి చెప్పారు. టీ తాగి వెళ్ళండి,” అన్నాడు.

టీ తాగింది. వేడికి నాలుక చురుక్కుమంది, అయినా ఆపకుండా తాగేసింది.

ఆ సాయంత్రం పళ్ళ డాక్టరు దవాఖానాకు వెళ్ళింది. ఆరు జట్ల వ్యవహారాలూ ఆయనే చూసుకునేవాడు. పేషెంట్లు వెళ్ళాక, పళ్ళు పీకే కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని, తను పదకొండుసార్లు చూసీ వదిలేశానని చెప్పింది.

“పదకొండా?” డాక్టరు కళ్ళజోడు తీశాడు. “మేం నాలుగే లెక్కపెట్టాం.”

“నాకు కనపడినవి పదకొండు.”

“మరి మేమూ ఊరుకున్నాం కదమ్మా. నాలుగుసార్లు నోరు మూసుకున్నది నేను కూడా. అందరి నోళ్ళూ తెరిపించడం నా వృత్తి, నా నోరు మాత్రం తెరవలేదు.” తన జోకుకు తనే నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “ఏం చేద్దామంటారు?”

“నాలుగు వారాలు నేను నిలబడను. తర్వాత కూడా నన్నే రమ్మంటే వస్తాను. వద్దంటే వద్దు.”

డాక్టరు ఆమెను గుమ్మం దాకా సాగనంపాడు. రమ్మంటామో వద్దంటామో చెప్పలేదు.

తనకు తాను వేసుకున్న శిక్షలో రెండో వారం గడుస్తుండగా అక్క వచ్చింది. ఎప్పుడూ సుద్దమ్మే వెళ్ళాలి గానీ అక్క ఆమె గదికి రావడం అరుదు. తలుపు దగ్గరే నిలబడి దులిపేసింది. “ఏమే, సాయంత్రం టీకి రావడం మానేశావు. అక్కడ ఆయన మూతి ముడుచుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఇక్కడ నువ్విలా. మీ ఇద్దరి మధ్య నేనెవరితో మాట్లాడను? గోడలతోనా?”

“బావకు నా మీద కోపం తగ్గలేదా?”

“నీ మీద కాదే. రా, వచ్చి చూడు.”

వెళ్ళింది. బావ పెరట్లో ఉన్నాడు. సుద్దమ్మ రంగుల గదిలోంచి పెరట్లోకి వెళ్తూ ఆగిపోయింది. ఆ గదిలో గోడ నిండా అరలు. ఏళ్ళ తరబడి ఆమెకు తెలిసిన అరలే. పై అరల్లో ఇప్పుడేమీ లేవు. రంగు డబ్బాలు, బ్రష్షుల గ్లాసులు, స్కేళ్ళు అన్నీ నేలమీదా, కింది అరలోనూ వరసగా పేర్చి ఉన్నాయి. ఛాతీ ఎత్తు దాటి ఒక్క వస్తువూ లేదు.

అక్క వెనకనుంచి మెల్లగా అంది: “చొక్కా నేనే తొడుగుతున్నా. ఏడు నెలలవుతోంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీతో కూడా.”

పెరట్లో బావ ముక్కాలి పీట మీద కూర్చుని ఎండలో బ్రష్షులు ఆరబెడుతున్నాడు. సుద్దమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది.

“చెయ్యి ఎంతవరకు లేస్తోంది బావా?”

బావ కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. ఛాతీ దాకా వచ్చి, అక్కడ వణికి, కిందికి దిగింది. “భుజం లోపల ఏదో తాడు లాంటిది ఉంటుందట. తెగిందట. కుట్టాల్సిన టైము దాటిపోయిందన్నాడు ఎముకల డాక్టరు. మేమే ఆలస్యం చేశాం.”

“బోర్డులు?”

“నిచ్చెన ఎక్కి ఏడు నెలలు.” ఆయన ఒక బ్రష్షు వెంట్రుకలు వేళ్ళతో సరిచేశాడు. “చిట్టీ, నిన్నొకటి అడుగుతా. నిజం చెప్పు. ఎన్నిసార్లు వదిలేశావు?”

“పదకొండు.”

“నేను బాగా ఆడుతున్నాననే అనుకున్నా.” ఆయన నవ్వాడు గానీ నవ్వులా లేదు. “భుజం పోయినా బుర్ర పనిచేస్తోంది, కొత్త ఒడుపు పట్టాను, బంతిని కావలసిన చోటికి దొర్లిస్తున్నాను, అవతలివాళ్ళు తడబడుతున్నారు అని లోపల్లోపల ఒకటే సంబరం. మీ అక్కతో గొప్పలు కూడా చెప్పుకున్నా. అందరూ కలిసి నామీద జాలిపడుతున్నారని నాకేం తెలుసు? నిబంధన నాకు తెలీదా అంటావేమో. తెలుసు. కానీ నాది చిన్న ఊపు అనుకున్నా, అడ్డు పెట్టడం అనుకోలేదు. అవతల ఆ మనిషి చెయ్యి విరగ్గొట్టాక గానీ...”

అక్క వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడి వింటోంది.

సుద్దమ్మ నేలమీద వేలితో గీతలు గీస్తూ మిల్లు సంగతి చెప్పింది. బావకు కూడా ఎప్పుడూ చెప్పనిది. “పదిహేడో మగ్గం మీద ఒకామె నేసేది. నెల తప్పి ఉంది, కళ్ళు తిరుగుతుండేవి. ఆమె తానులో మూరకొక పోగు తెగి వచ్చేది. గీత గీస్తే ఆమెకు మాట వస్తుందని నేను గీసేదాన్ని కాదు. మూడు వారాలు. తీరా చూస్తే తప్పు ఆమెది కాదు, మగ్గంలో పోగులు దూరే దువ్వెనకు ఒక పన్ను విరిగి ఉంది. నేను మొదటిరోజే గీత గీసి ఉంటే మేస్త్రి వచ్చి మగ్గం విప్పి చూసేవాడు. నా మంచితనం వల్ల ఆమె మూడు వారాలు విరిగిన మగ్గంతో కుస్తీ పట్టింది.”

“మరి అప్పుడే బుద్ధి రావాలిగా నీకు,” అంది అక్క గుమ్మంలోంచి.

“రావాలి. రాలేదు,” అంది సుద్దమ్మ.

బావ చేతిలోని బ్రష్షు పక్కన పెట్టాడు. “ఆ పసుపు అట్ట పుస్తకం ఉందా?” అని అడిగాడు.

సుద్దమ్మ తీసి ఇస్తే అక్క చదివింది. ఇంట్లో కళ్ళజోడు అవసరం లేకుండా చదవగలిగేది ఆమే. ఆట గురించి ఆమెకు ఆవగింజంత కూడా తెలియదు. అందుకే అడగకూడని ప్రశ్నలన్నీ అడిగింది. “‘బ్యాటును పూర్తిగా ఊపాలి’ అని ఉంది. ఎంత గట్టిగా ఊపాలో రాయలేదే? మెల్లగా ఊపితే?”

“మెల్లగా ఊపినా ఊపే,” అంది సుద్దమ్మ.

“రెండు చేతులతో అని కూడా లేదే?”

బావ, సుద్దమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుద్దమ్మ పుస్తకం లాక్కుని తనే చదివింది, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఐదేళ్ళుగా వెంట పెట్టుకు తిరుగుతున్న పుస్తకంలో, చేతులు ఎన్ని ఉండాలో ఎక్కడా లేదు.

మర్నాడు పెరట్లో తాడు కట్టి పాత పరుపు వేలాడదీశారు. బావ ఎడం చేత్తో, ఒక్క చేత్తో బ్యాటు పట్టుకున్నాడు. అక్క బంతి విసిరేది. పావు వంతు బంతులు పక్కింటి వైపు పోయేవి. సుద్దమ్మ పక్కగా నిలబడి, బల్ల మీద గుడ్డను చూసినట్టు బ్యాటును చూసేది. మొదటి రెండు రోజులు బ్యాటు బరువుకు ఆయన మణికట్టు వంగిపోయింది. బంతి దగ్గరికి వచ్చేసరికి ఏడు నెలల అలవాటు అడ్డం పడేది. చెయ్యి ఆగిపోయేది, బ్యాటు అక్కడే కాచుక్కూర్చునేది.

“ఇది?” అని అడిగేవాడు బావ.

“అడ్డు.”

“ఇది?”

“సగం ఊపు. తగిలి ఉంటే ఔటు.”

“ఛీ. ఇది?”

“ఇదీ అడ్డే.”

“కాస్త చూసి చెప్పవే!”

“చూసే చెప్తున్నా బావా.”

నాలుగో రోజు ఆమెకు తేడా ఎక్కడుందో కళ్ళకు కట్టింది. అంతవరకు ఆమె కూడా బ్యాటు ఎంత దూరం కదిలిందో కొలుస్తూ వచ్చింది. అది కాదు. నిజంగా ఊపినప్పుడు బ్యాటు కొన చేతిని దాటి ముందుకు పోతోంది, బంతి తగిలినా తగలకపోయినా ఆగకుండా పోతోంది. తాకించినప్పుడు చెయ్యే ముందుంటోంది, కొన వెనకే వేలాడుతోంది. ఆ మాట చెప్పింది. బావ కాసేపు ఆలోచించి, “బ్రష్షు కూడా అంతే. గీత అయిపోయాక కూడా చెయ్యి ఇంకాస్త పోవాలి. లేకపోతే చివర ముద్ద కడుతుంది,” అన్నాడు. ఆ రోజు పరుపుకు వరసగా మూడు గట్టి దెబ్బలు తగిలాయి. దుమ్ము లేచి అక్క దగ్గుతూ లోపలికి పోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున బావ ఒక్కడే పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్ళివచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ చెప్పలేదు. వచ్చాక మాత్రం, “బాగా తిట్టాడు,” అన్నాడు, కాస్త తేలికపడ్డట్టు.

నాలుగు వారాలు తీరాక డాక్టరు కబురు పెట్టాడు. ఆ నాలుగు ఆదివారాలూ అంపైరుగా ఆయనే నిలబడ్డాడట. మూడు ఆటలు గొడవతోనే ముగిశాయట. “మీరు రండమ్మా. నాకు పళ్ళు పీకడమే నయం,” అన్నాడు ఫోనులో.

తర్వాతి ఆట పళ్ళ డాక్టరు జట్టుతోనే. ఆట మొదలవకముందే సుద్దమ్మ రెండు జట్లనూ ప్లేటు దగ్గరికి పిలిచింది. “ఇంతకు ముందు నేను కొన్ని వదిలేశాను. ఇవాళ్టి నుంచి వదలను. ఎవరివైనా సరే,” అంది. పోస్ట్‌మ్యాన్ కట్టు కట్టిన చేత్తో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె అటు చూసింది. ఆయన తల ఊపలేదు, తిప్పుకోనూ లేదు.

బావ ఎడం చేత్తో ఒంటిగా బ్యాటు పట్టుకుని నిలబడేసరికి డాక్టరు బంతి చేతిలో పెట్టుకునే ముందుకు వచ్చాడు. “ఒక్క చేత్తోనా? ఇదెక్కడి చోద్యం?”

“పుస్తకంలో చేతుల లెక్క లేదు డాక్టరుగారూ. ఊపు ఉండాలి, అంతే.”

“అలాగని మెల్లగా...”

“వేగం లెక్క కూడా లేదు. మీరు వెయ్యండి, నేను చూస్తాను.”

మొదటి వంతులో బావ మూడుసార్లూ గాలినే కొట్టాడు. మూడూ పూర్తి ఊపులే. ఔటై, ఒగరుస్తూ వెళ్ళి కూర్చున్నాడు. నాలుగో వంతులో బంతి వచ్చేటప్పుడు బ్యాటు బాగానే కదిలింది. చివరి క్షణంలో ఎందుకో చెయ్యి జంకింది, ఆగింది. బంతి బ్యాటుకు తగిలి ప్లేటు ముందు దొర్లింది. డాక్టరు ముందుకు ఒక్క అడుగు వేసేలోపే, “ఔట్!” అంది సుద్దమ్మ. ఆ మాటకు డాక్టరు ఉన్నచోటే ఆగిపోయాడు.

మైదానంలో అందరూ బావ వైపే చూశారు. ఆయన బ్యాటు వంక చూసుకున్నాడు. “ఆగింది కదూ?” అన్నాడు.

“ఆగింది బావా.”

“నాకూ తెలిసింది,” అన్నాడు. మారు మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ బెంచీ మీదున్న పోస్ట్‌మ్యాన్‌కు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు.

ఏడో వంతులో కొట్టాడు. గొప్ప దెబ్బేం కాదు. బ్యాటు కొన చేతిని దాటి ముందుకు పోయింది, బంతి మొదటి బేసుకూ రెండో బేసుకూ మధ్య నేలకు అణిగి దూసుకుపోయింది. బావ బేసు చేరేసరికి ముఖం ఎర్రబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. ఆయన జట్టు ఆట ఓడిపోయింది, రెండు పరుగుల తేడాతో.

ఆ ఏడాది మొత్తం మీద బావ అలాంటివి నాలుగు కొట్టాడు. ఔటైనవి చాలా ఎక్కువ. ఎడం చెయ్యి బ్యాటుకు అలవాటు పడింది గానీ బ్రష్షుకు పడలేదు. రెండు నెలలు కాగితాల మీద రాసి చూశాడు. అక్షరాలు తాగినట్టు ఒరిగిపోయేవి. ఒక రోజు బ్రష్షులన్నీ కిరసనాయిలులో కడిగి, పాత గుడ్డలో చుట్టి పెట్టేశాడు. ఆ సాయంత్రం టీ దగ్గర అక్క అడక్కుండానే ఆయన కప్పులో ఇంకొంచెం పోసింది.

పుస్తకంలో ఐదో వాక్యం చేర్చారు: బ్యాటును ఒక చేత్తో ఊపినా చెల్లుతుంది. డాక్టరు తన చేతిరాతతో రాశాడు. మందుల చీటీలా ఉంది, ఎవరికీ అర్థం కాలేదు. సుద్దమ్మ విడిగా కాగితం మీద రాసి అతికించుకుంది.

పోస్ట్‌మ్యాన్ చలికాలానికి మళ్ళీ మైదానంలోకి వచ్చాడు. మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది, దాంతో ఆయన బంతి ఇప్పుడు కొంచెం పక్కకు తిరుగుతూ పడుతుంది. వచ్చిన మొదటి ఆదివారం బావకు బంతి వేస్తూ, “ఈసారి సరిగ్గా కొట్టండి, నేను ఉరకలేను,” అన్నాడు. బావ నవ్వాడు. సుద్దమ్మ చాప వెనక మోకాళ్ళు పట్టుకుని కొంచెం వంగింది. ఈ మధ్య ఆమెకు నడుం నొప్పి. బంతి లేచి, వంపు తిరిగి దిగుతుంటే ఆమె బంతిని చూడలేదు, బావ చేతినే చూసింది.

బావ ఊపాడు. తప్పాడు.

“స్ట్రైక్!” అంది సుద్దమ్మ.